‘ఆగుతాడు’కి ఇంగ్లీషు మాట

ఇక్కడ కెనడాలో, మార్కమ్‌లో మా ఆఫీసులో పనిచేసే ఒకావిడ, తన కూతురు ఐస్ హాకీ నేర్చుకుంటోందని, వచ్చి చూడమని అడిగితే పోయిన శనివారం వెళ్లాను. మంచుగడ్డ మీద ఆడే రింక్ తలుపు తోయగానే ఆ చల్లటి వాసన ముఖానికి తగిలింది. తడిసిన చేతి తొడుగులు, నేల మీద పరిచిన రబ్బరు, ఎక్కడో మూలన కాగుతున్న నూనె. చలపతి గారు గుర్తొచ్చారు. దుఃఖం రావలసిన చోట ముందు చిరాకు వచ్చింది. ఆయన పోయి ఏడాది దాటినా ఈ వరస మారలేదు. సంతాప సభలో మాట్లాడినవాళ్లంతా ఆయన్ని శాంతమూర్తి అన్నారు, ఎంత ఓపికో అన్నారు. నేను వెనక కుర్చీలో కూర్చుని, వీళ్లలో ఒక్కరైనా ఆయనతో కలిసి ఒక్క ఆట చూశారా అనుకున్నాను. ఆయన నన్ను విసిగించినంతగా నన్నెవరూ విసిగించలేదు. నేను ఈరోజు చేస్తున్న పనికి నన్ను తయారు చేసింది కూడా ఆయనే. ఈ రెండూ వేర్వేరు సంగతులు కావు.

నేను కరీంనగర్ నుంచి ఒషావాలో చదువుకోవడానికి వచ్చిన కాలంలో కాలేజీలో ఎటు చూసినా మేమే. ఒక బేస్‌మెంట్‌లో ఆరుగురం ఉండేవాళ్లం. ఊళ్లో ఒక కాఫీ షాపులో మనిషి కావాలని తెలిస్తే, రెజ్యూమేలు పట్టుకున్న వరస వీధి మలుపు దాకా నిలబడేది. అలాంటప్పుడు ఇండియన్ గ్రోసరీ బోర్డు మీద తెలుగులో చేత్తో రాసిన కాగితం కనిపించింది. కారు నడపగలిగిన తెలుగువాళ్లు కావాలి, చలికి ఓర్చుకోవాలి, అని. ఫోన్ చేస్తే అవతల ఒక పెద్దాయన, “లైసెన్సు ఉందా? కబుర్లు ఎక్కువ చెబుతావా?” అని రెండే ప్రశ్నలు అడిగారు. ఆయనే చలపతి గారు, తెనాలి దగ్గరి మనిషి. యాభై ఏళ్ల కిందట కార్ల ఫ్యాక్టరీలో ఇంజినీరుగా వచ్చారు. తోటి పనివాళ్లు ఆటకు లాక్కెళ్లారట, అక్కడినుంచి తిరిగి రాలేదు. పిల్లల జట్లకు కోచ్‌గా ఉన్నారు, రిటైరయ్యాక ఒక ప్రొఫెషనల్ క్లబ్బుకు స్కౌట్ అయ్యారు. అంటే చుట్టుపక్కల జూనియర్ జట్ల ఆటలు చూసి, ఏ కుర్రవాడు పెద్ద ఆటకు పనికొస్తాడో రాసి పంపడం. కళ్లు కొంచెం మందగించాయని డాక్టరు కారు నడపొద్దన్నాడు. అందుకని నేను.

మొదటి రోజు బ్రాంప్టన్‌లో ఆట. నేను హాకీ అంతకు ముందు ఎప్పుడూ చూడలేదు. పక్ అనే ఆ నల్ల రబ్బరు బిళ్ల ఎటు పోతోందో కూడా కనిపించలేదు. మొదటి విరామంలో ఆయన స్టీలు డబ్బాలోంచి ఉప్మా తింటూ, “ఏం చూశావమ్మాయ్?” అన్నారు.

“మంచిగనే ఆడుతున్నరు అంకుల్.”

“మంచిగా ఆడారో లేదో నిన్నెవరు అడిగారు? ఏం చూశావు?”

“నాకైతే చలే తెలిసింది.”

“అది నిజం. ఇంకోటి చెప్పు.”

నాలుగో నంబరు కుర్రవాడు కిందపడ్డ ప్రతిసారీ లేచే ముందు కోచ్ వైపు చూస్తున్నాడన్నాను. ఆయన నమలడం ఆపారు. “ఇది లాప్‌టాప్‌లో కొట్టు,” అన్నారు. పని ఇచ్చినట్టు ప్రత్యేకంగా ఏమీ చెప్పలేదు. వచ్చే ఆదివారం పదకొండుకి రమ్మన్నారు. ఆట ఒంటిగంటకి.

అప్పటినుంచి రెండు సీజన్లు అదే తంతు. స్కౌట్లందరికీ పైవరసలో ఒకే చోట సీట్లు ఇస్తారు. అందరూ ఒకరి కాగితంలోకి ఒకరు తొంగిచూసేవాళ్లే. అందుకే తెలుగు అనేవారు ఆయన. “మనం ఏమనుకుంటున్నామో వీళ్లకు తెలియకూడదు.” ఆయన తెలుగులో అడగాలి, నేను తెలుగులో చెప్పాలి, ఆయన తెలుగులో తేల్చిన మాట నేను ఇంగ్లీషులో టైపు చేయాలి. ఆట సాగినంతసేపూ ప్రశ్నలే. ఇప్పుడు ఎవరు ఆపారు? ఏ చేత్తో? అప్పుడు గోలీ, అదే గోల్‌కీపరు, ఎక్కడున్నాడు? ‘బాగా’, ‘స్పీడుగా’, ‘తెలివిగా’ లాంటి మాటలు నిషేధం. నేను ‘స్పీడున్నది అంకుల్’ అంటే, “ఎవరికన్నా స్పీడు? వాడి పక్కన ఎవడున్నాడు?” అని కసురుకునేవారు. క్లాసులో ఉండగా ఫోన్ చేసి, మొన్నటి గోల్‌లో పక్ స్టిక్‌కు ఏ వైపు తగిలిందో అడిగేవారు. గుర్తులేదంటే, “మరి చూడటానికి వెళ్లావా, కూర్చోడానికా?” అనేవారు. ఆయన్ని దింపేసి వస్తూ కారులో ఒక్కదాన్నే గట్టిగా తిట్టుకున్న రోజులున్నాయి.

రెండో సీజన్‌లో ఓవెన్ వచ్చాడు. ఏటా వేసవిలో డ్రాఫ్ట్ జరుగుతుంది. క్లబ్బులు వంతులవారీగా పద్దెనిమిదేళ్ల కుర్రవాళ్లను ఎంచుకుంటాయి. ఓవెన్‌కి ఆ ఏడే అవకాశం. గోల్స్ విరివిగా కొట్టేవాడు, కాని ఐదడుగుల ఏడంగుళాలు మించడు. పైవరసలో స్కౌట్లు వాడి ఎత్తు చూసి నవ్వుకుని ఫోన్లు చూసుకునేవారు. మేము వాణ్ని బుడ్డోడు అనుకునేవాళ్లం. ఒక ఆదివారం వాడు గోల్ కొట్టాక ఆయన యథాప్రకారం, “కొట్టే ముందు ఏం చేశాడు?” అన్నారు.

“ఏం చెయ్యలే. ఆగిండు.”

“ఆగాడా? ఎంతసేపు?”

“జరసేపే. గోలీ కాలు కదిలింది. అప్పుడు కొట్టిండు.”

ఆయన ఇంకేమీ అడగలేదు. అది వింత. తర్వాతి ఆటల్లో బుడ్డోడి కర్ర దగ్గరికి పక్ వస్తే చాలు, “ఆగాడా?” అని నా మోచేతిని పొడిచేవారు. ఆగుతూనే ఉన్నాడు. అందరూ కంగారుగా కొట్టే చోట వాడు ఒక్క క్షణం ఏమీ చేయడు, ఎదుటివాడు కదిలాక కొడతాడు. రిపోర్టులో ఏం రాయాలని అడిగాను. “ఏముంది, హీ స్టాప్స్ అని రాయి,” అన్నారు. చదివి వినిపించాను. “కరెక్ట్,” అన్నారు తృప్తిగా.

మూడు రోజుల తర్వాత క్లబ్బు నుంచి ఆయన పై అధికారి గ్రెగ్ ఫోన్ చేశాడు. చలపతి గారు ఫోన్ ఎప్పుడూ స్పీకర్ మీదే పెట్టేవారు కాబట్టి ఆయన వంటింట్లో ఉన్న నాకూ వినబడింది. పొట్టివాడు, పైగా ఆట మధ్యలో ఆగిపోతాడని నువ్వే రాశావు, ఇక ఆలోచించేదేముంది, పేరు కొట్టేశాను, అన్నాడు గ్రెగ్. చలపతి గారు ఫోన్ పెట్టేసి నా వైపు తిరిగారు.

“ఆగిపోవడం ఎక్కడ రాశావు?”

“నేనెక్కడ రాసిన? స్టాప్స్ అని మీరే చెప్పిన్రు. చదివి కూడా వినిపించిన.”

“ఆగడమే కదమ్మా వాడి గొప్ప.”

“ఇంగ్లీషుల గొప్ప కాదు అంకుల్ అది. కాళ్లు ఆడక నిలబడిపోయిండు అన్నట్టు.”

యాభై ఏళ్లు ఈ దేశంలో ఉన్న మనిషి, ఆరు నెలలు చదివి ఐఈఎల్‌టీఎస్ ఇంగ్లీషు పరీక్ష రాసి వచ్చిన నేను, ఇద్దరం ఆ మాటను తెలుగు చెవితోనే విన్నాం. ఆ సాయంత్రమంతా ఇంకో మాట కోసం కూర్చున్నాం. వెయిట్స్ అన్నాను. బస్సు కోసం నిలబడ్డట్టుంది, వద్దు అన్నారు. హోల్డ్స్ అన్నాను. హోల్డింగ్ అంటే పెనాల్టీ, వాణ్ని ఇంకా ముంచుతావా అన్నారు. పేషెంట్ అన్నాను. “ఆస్పత్రిలో చేరాడా?” అన్నారు. నాకు మర్నాడు పరీక్ష ఉంది. లాప్‌టాప్ మూసేసి, మీరే రాసుకోండి అన్నాను. ఆయన కోపగించుకోలేదు. టీ పెట్టి నా ముందు ఉంచి, “మాట వదిలేయ్. ఏం జరిగిందో రాయి,” అన్నారు. గోలీ కిందికి వంగాడు. ఓవెన్ కొట్టలేదు. గోలీ ఎడమకాలు జరిగింది. అప్పుడు కొట్టాడు. ఒక్కో గోల్‌కి ఒక్కో పేరా, అదే వరసలో, ఒక్క విశేషణం లేకుండా. చదవడానికి విసుగు పుట్టే రిపోర్టు అది. అదే పంపాం.

దాంతో గ్రెగ్ స్వయంగా ఆట చూడటానికి వచ్చాడు. ఆ రోజు బుడ్డోడికి దొరికింది ఒకే అవకాశం. ఆగాడు. ఆ ఆగినంతలో తాటిచెట్టంత డిఫెన్స్ కుర్రవాడు వచ్చి వాణ్ని గోడకేసి కొట్టాడు. గోల్ లేదు. పక్కన గ్రెగ్ నిట్టూర్చి, ఎవడు కొట్టాడు, ఏ నంబరు, అని యథాలాపంగా అడిగాడు. చలపతి గారు నా వైపు వంగి, “ఎవడే?” అన్నారు తెలుగులో. ఇరవై రెండు అన్నాను. “ట్వెంటీ టూ,” అన్నారు గ్రెగ్‌తో. గ్రెగ్ ఆయన ముఖం కేసి కొంచెం ఎక్కువసేపు చూశాడు. నాకు అప్పటికీ అర్థం కాలేదు.

డ్రాఫ్ట్‌కు వారం ముందు, పేర్ల జాబితా ఖరారు చేసే రోజు గ్రెగ్ ఫోన్ చేశాడు. మర్యాదగానే అడిగాడు. గోలీ కాలు ముందు కదిలిందని రాశావు కదా, అది నువ్వు నీ కళ్లతో చూశావా?

ఆయన అబద్ధం చెప్పేసినా సరిపోయేది. ఆయనకూ నాకూ ఓవెన్‌కూ ఎవరికీ నష్టం లేదు. “లేదు,” అన్నారు. “పోయినేడాది నుంచి నాకు ఎదురుగా ఉన్నది కనిపించడం లేదు. అంచులు కనిపిస్తాయి. చూసింది ఈ అమ్మాయి. ఇక్కడే ఉంది, అడుగు.” ఫోన్ నా వైపు తోశారు.

ఆ క్షణంలో నాకు తట్టింది బుడ్డోడూ కాదు, ఆయన ఉద్యోగమూ కాదు. రెండేళ్లు పాఠం అనుకుని పడిందంతా సగం ఆయన అవసరమన్నమాట. ఏ చేత్తో, ఎటువైపు, ఎవరి పక్కన అని అన్నిసార్లు అడిగింది కనిపించకే. పైవరసలో తెలుగు దాచింది మా రిపోర్టును కాదు, ఆయన కళ్లను. నాకు ఒళ్లు మండింది. అవతల గ్రెగ్ ఎదురుచూస్తున్నాడు. ఈ కుర్రవాడు పెద్దవాళ్ల ఆటలో గోల్స్ కొడతాడంటావా, అని అడిగాడు. కొడతాడు అంటే అయిపోయేది. ఆ మాట నా నోటికి రాలేదు. నాకు తెలియదు, అన్నాను. నేను చూసినంతవరకు ప్రతిసారీ గోలీయే ముందు కదిలాడు. దెబ్బ తిన్న రోజు కూడా గోలీ ముందు కదిలాడు. తర్వాతి ఆటలో వాడు మళ్లీ ఆగాడు. భయపడి తొందరపడలేదు. ఇంతే తెలుసు.

గ్రెగ్ థాంక్స్ చెప్పి పెట్టేశాడు.

“కొంచెం గట్టిగా మాట్లాడొచ్చుగా,” అన్నారు చలపతి గారు.

“నన్నెందుకు ఇరికించిన్రు అంకుల్?”

“మరి నేను చూశానని చెప్పమంటావా?”

ఆ రోజు నేను ఆయనకు చెప్పకుండానే వచ్చేశాను.

ఓవెన్ పేరు జాబితా చివర్లో మళ్లీ చేరింది. డ్రాఫ్ట్‌లో ఆఖరి వంతు దాకా చూశాం. మా క్లబ్బు పొడుగాటి డిఫెన్స్ కుర్రవాణ్ని తీసుకుంది, ఓవెన్‌ను ఎవరూ తీసుకోలేదు. శరదృతువులో క్లబ్బు శిక్షణ క్యాంపుకు మాత్రం గ్రెగ్ వాణ్ని పిలిచాడు, ఎంపికకాని వాళ్లనూ కొందరిని పిలుస్తారు. అక్కడ వారం ఉండి వెనక్కి వచ్చాడు. ఇప్పుడు యూరప్‌లో ఏదో రెండో శ్రేణి జట్టులో ఆడుతున్నాడని విన్నాను. చలపతి గారి కాంట్రాక్టు పొడిగించలేదు. అయినా ఆదివారాలు ఆటలకు తీసుకెళ్లమనేవారు. తీసుకెళ్లేదాన్ని. రిపోర్టు లేదు, పై అధికారి లేడు, ప్రశ్నలు మాత్రం అలాగే ఉండేవి. కనిపించడం లేదని తెలిశాక జవాబులు ఇంకొంచెం వివరంగా చెప్పాను. ఆయన నాకు కృతజ్ఞత చెప్పలేదు. కాలు ఏ వైపు జరిగిందో చెప్పడం మరిచిపోయావు అనేవారు.

నేను ఇప్పుడు సాఫ్ట్‌వేర్ పరీక్షించే పని చేస్తాను. మొన్న మా టీమ్‌లో కొత్తగా చేరిన హర్షిత ఒక లోపం పట్టుకుంది. ఎవరు చేసినా సరిగానే వస్తుంది, తను చేస్తే రాదు. మీటింగ్‌లో మేనేజర్ నా వైపు తిరిగి, ఇది మీరు స్వయంగా చూశారా అని అడిగాడు. ఆ లోపం నిజమైతే విడుదల నెల వెనక్కి పోతుంది. చూశానంటే ఆ పిల్ల మీద భారం ఉండదు. చూడలేదు, హర్షిత చూసింది, తననే అడగండి, అన్నాను. ఆమె ముఖం పాలిపోయింది. ఏం నొక్కిందో, ఏం జరిగిందో వరసగా చెప్పింది, ఎందుకు జరిగిందో తెలియదంది. బయటికి వచ్చాక నన్ను చూసిన చూపులో మర్యాద తప్ప ఇంకేమీ మిగల్లేదు. కాఫీకి రమ్మంటే పనుందని వెళ్లిపోయింది. కొన్నాళ్లు ఆమె నన్ను ఇంటికి వెళ్తూ కారులో తిట్టుకుంటుంది. తిట్టుకోనీ.