నాచారం నాలుగు గొంతులు

ఆ రోజుల్లో నాచారంలో ఫ్యాక్టరీ సైరన్ మోగితే ఉప్పల్ చౌరస్తాలో కాకులు లేచేవి. మేం పాడటం మొదలెడితే ఆ సైరనే సిగ్గుపడి ఆగిపోయేది. చూశారా, మొదట్లోనే చెయ్యి జారింది. ముందే ఒప్పుకుంటున్నాను, నేను గోరంతను కొండంత చేసే మనిషిని. (మా ఆవిడైతే "కొండంత యాడికి సాల్తది" అంటుంది.) కాబట్టి సగం కొట్టేసి చదువుకోండి.

తొంభైల నడుమ మాట. మా బృందం పేరు 'నాచారం నాలుగు గొంతులు'. ఉన్నది ముగ్గురం. నాలుగోవాడు దొరక్కపోతాడా అని పేరు ముందే పెట్టేసుకున్నాం. బోల్టుల ఫ్యాక్టరీలో అప్రెంటిస్‌గా ఉన్న నేను పాట రాసేవాణ్ణి. డబ్బా అనే మిత్రుడు ఖాళీ గ్రీజు డబ్బా మీద దరువేసేవాడు. మేం ఎక్స్‌ప్రెస్ అని పిలిచే మూడోవాడు పాడేవాడు. పాడటమంటే రాగం లేకుండా, ఊపిరి తీసుకోకుండా, దరువుకు సరిగ్గా లోకాన్ని తిట్టడం. దీన్ని హిప్ హాప్ అంటారని హబ్సిగూడ హాస్టల్ కుర్రాడొకడు చెప్పేదాకా మేమే కనిపెట్టామనుకున్నాం. ఇళ్లల్లో తెలిస్తే వీపులు చిట్లుతాయని, మూతపడ్డ గోదాము వెనక రహస్యంగా సాధన చేసేవాళ్లం.

మా కీర్తి సైనిక్‌పురి దాకా పాకింది (రెండు సైకిళ్ల మీద మేమే మోసుకెళ్లాం). అక్కడి కాలేజీ ఉత్సవంలో పాడనిస్తాం గానీ, ముందు ఒక పాట క్యాసెట్లో తెచ్చివ్వమన్నారు. ఆదివారం, దుకాణాలు లేవు. ఎక్స్‌ప్రెస్ వాళ్ల బీరువాలోంచి ఒక క్యాసెట్ తెచ్చాడు. దాని నెత్తినుండే రెండు ప్లాస్టిక్ రెక్కలు విరిచేసి ఉన్నాయి. లోపలున్నదాన్ని ఎవరూ చెరపకూడదని అలా విరుస్తారు. ఆ కాలంలో అది తెలియనివాడు లేడు. ఆ గుంటల్లో కాగితం కుక్కితే మళ్లీ రికార్డవుతుందనీ తెలియనివాడు లేడు. కుక్కాం. లోపల ఏముందో ఒక్కసారి వినాలని మాత్రం ముగ్గురిలో ఎవడికీ తోచలేదు. ఉప్పల్ నల్లాలో నీళ్లు రావన్న మా పాటను, తప్పు పోయినప్పుడల్లా మొదటికొస్తూ, రెండు వైపులా పదకొండుసార్లు పాడాం.

మర్నాడు ఎక్స్‌ప్రెస్ వాళ్ల బాపు బీరువా అంతా కిందికి దించాడు. నేను ఆయన్ని కాక అనేవాణ్ణి. ఆయన దుబాయిలో ఉన్నప్పుడు, రాయడం రాని భార్య ఉత్తరాలకు బదులు క్యాసెట్లు నింపి పంపేదట. వాటిలో మిగిలింది అదొక్కటే. ఆమె పోయి నాలుగేళ్లు. ఏటా ఆమె తిథినాడు, కొడుకు కూడా ఇంట్లో లేనప్పుడు, తలుపేసుకుని వినేవాడట. ఆ రోజే తిథి.

క్యాసెట్ పట్టుకుని రమ్మని మమ్మల్ని పిలిపించాడు. ఎదురుగా నిలబడి, "తెలువక జేసినం కాకా" అన్నాను. "కూసోన్రి" అని, క్యాసెట్ టేప్ రికార్డర్లో పెట్టాడు. ఒళ్లో చేతులు పెట్టుకుని, నల్లా మీద మా తిట్లన్నీ, దేవుడి పాట విన్నంత శ్రద్ధగా విన్నాడు. నవ్వాల్సిన చోట మాకు చెమటలు పట్టాయి. రెండో వైపు కూడా అయిపోవస్తుండగా టేపు గరగరలాడింది. ఆమె గొంతు.

"ఏమయ్యా, ఆడ బువ్వ సయిస్తున్నదా? ఈడ శాపలు మస్తు అగ్గువున్నయ్, నువ్వేమో లేకపోతివి. ఇగో, పిలగాడు మాట్లాడ్తుండు, ఇను." ఆ వెంటనే పసివాడి ఊకొట్టుడు. కాక కళ్లు తుడుచుకుని, "మీ పాట పొట్టిగుండె. ఆమె బతికిపాయె" అన్నాడు.

ఇక చెప్పేయాలి. సైరన్ సంగతి మీరెలాగూ నమ్మలేదు. నేను నిజంగా కల్పించింది ఆ గొంతు. రెండో వైపు ఆఖరి అంగుళం దాకా మేమే ఉన్నాం. టేపు టక్కున ఆగింది. కాక దాన్నే చూస్తూ, "ఇందుల నీ గొంతేదిరా?" అని కొడుకునడిగాడు. "పాడుతున్నది నేనే, బాపూ." "మళ్ల పెట్టు" అన్నాడు.

ఆ క్యాసెట్ తిరిగిమ్మని మేం అడగలేదు, సైనిక్‌పురి వెళ్లనూ లేదు. బృందం అక్కడితో ఆఖరు. ఇప్పుడు యాభై దాటినవాణ్ణి, ఈ కథ చెప్పిన ప్రతిసారీ ఆమె చేత ఒక మాట ఎక్కువ పలికిస్తుంటాను. చేపల సంగతి ఈసారే కలిపాను.