బోర్డు మూలన నా పేరు

ఆ బోర్డు గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఎనభైల్లో నేను వరంగల్ బజార్లో బోర్డులు రాసేవాణ్ని. కొత్తగా విత్తనాల దుకాణం తెరిచిన సేటు ఒకడు వచ్చి, "జర మంచిగ రాయి. రైతు సడక్ మీదనే ఆగాలె" అన్నాడు. ఆగేటట్టే రాశాను. పచ్చటి రేకు మీద ఎర్రెర్రటి మిరపకాయలు, పసుపుపచ్చ అక్షరాలు, వాటికి నల్లటి నీడ. బోర్డు రాసేవాళ్ల అలవాటు ప్రకారం కింద మూలన నా పేరు కూడా రాసుకున్నాను.

ఎదురుగా ఒక ముసలాయన దుకాణం ఉండేది. రేకు తుప్పుపట్టి సగం అక్షరాలు రాలిపోయాయి. ఆయనిచ్చిన గింజ మొలవలేదన్న మాట మాత్రం నేనెన్నడూ వినలేదు. "తాతా, ఊరికే కొత్త బోర్డు రాసిస్త" అన్నాను. "గింజ మొలిస్తె సాలు బిడ్డా, బోర్డెందుకు?" అని నవ్వాడు. ఏం లాభం? గిరాకీ అంతా రోడ్డు దాటి సేటు దగ్గరికి పోయింది. ఎద్దును కొనాలంటే పళ్లు చూస్తారు, నడిపించి చూస్తారు. ఏడాది తిండి పెట్టే విత్తనానికి మాత్రం రంగులు చూస్తే సరిపోతుందా?

ఆ ఏడు మరిపెడ నుంచి మా బామ్మర్ది వచ్చాడు. కౌలుకు తీసుకున్న మూడెకరాల్లో మిరప వేశాడు. చెట్లు ఏపుగా పెరిగాయి గానీ ఒక్క కాయ పట్టలేదు. విత్తనం సేటు దగ్గరే కొన్నాడట.

"కండ్లు ఏడబెట్టుకున్నవ్‌రా? ముసలాయన దుకాణం కనవడలేదా?" అని అరిచాను.

వాడు తలెత్తలేదు. "ఆడికే పోతుంటి బావా. గని సేటు బోర్డు మీద నీ పేరుండె. మా బావ పేరున్నదంటె మంచి దుకాణమే అనుకున్న."



మర్నాడు సేటును నిలదీశాను. "వానలు సక్కగ పడలే, నేనేం జేస్త?" అన్నాడు, నేను వేసిన మిరపకాయల కిందే నిలబడి. సిగ్గులేని మనిషి! నిచ్చెన వేసుకుని ఎక్కి, పచ్చరంగుతో నా పేరు చెరిపేశాను. సేటు అడ్డుకోలేదు. ఎందుకు అడ్డుకుంటాడు? మిరపకాయలు మిలమిలా మెరుస్తూనే ఉన్నాయి.

నేను దిగేసరికి ఇద్దరు రైతులు లోపలికి పోబోతున్నారు. "పోకుండ్రి! ఈ బోర్డు రాసినోణ్ని నేనే చెప్తున్న, ఈడ కొనకుండ్రి" అన్నాను.

వాళ్లలో పెద్దాయన ఒకసారి బోర్డు చూశాడు, ఒకసారి నన్ను చూశాడు.

"గింత సక్కగ రాసినోనివి, నువ్వే గట్లంటవేందయ్యా?" అని, చెప్పులు విడిచి లోపలికి పోయాడు.