జంపఖానా కింది గుంట

నాలుగు ఇంగ్లీషు ముక్కలు వస్తే చాలు, లోకమంతా మన మాట కోసమే కాచుకుని ఉందనిపించే వయసొకటి ఉంటుంది. ఆ రోజుల్లో నాది సరిగ్గా ఆ వయసే. డిగ్రీ అయి, ఉద్యోగం లేక, హిందూపురంలో పాస్టరుగా ఉన్న మా మామ దగ్గర చేరాను. ఎక్కడో విదేశంలో ఒక చిన్న చర్చివాళ్లు (కేకులూ పాత కోట్లూ అమ్మి విరాళాలు పోగుచేసేవాళ్లట) బీదలకు సాయం చేద్దామనుకుని, ముందు చూసి రమ్మని ఒక పెద్దాయననూ ఆయన భార్యనూ పంపారు. మామ వాళ్లను ధర్మవరంలో ఒక నేతగాళ్ల సందుకు తీసుకుపోదామన్నాడు. అక్కడ వానొస్తే మగ్గం గుంటలో, అంటే నేసేవాళ్లు కాళ్లు పెట్టుకునే గుంటలో, నీళ్లు ఊరతాయి. అవి ఇంకేదాకా నేత లేదు, నేత లేకపోతే పొయ్యి వెలగదు. నేల ఎత్తుచేసి గుంటకు సిమెంటు పూయిస్తే ఆ కష్టం తీరుతుంది. ఈ సంగతి దొరలకు వివరించడం నా పని. రైల్లో పెనుకొండ దాటేదాకా పెదవులు కదుపుతూ నా ప్రసంగం వల్లె వేసుకుంటూనే ఉన్నాను.

తీరా పోయి చూస్తే అక్కడ కష్టం ఆనవాలే లేదు. మేం పోయింది ఒక అవ్వ ఇంటికి. అతిథులొస్తున్నారని సందంతా కలిసి గోడలకు సున్నం కొట్టి, మగ్గం విప్పి అటకెక్కించి, షావుకారు ఇంటి నుంచి మెత్తటి కుర్చీలూ వెండి గ్లాసులూ అడిగి తెచ్చి, నేలంతా ఎర్ర జంపఖానా పరిచేశారు. అవ్వ పట్టుచీరలో మెరిసిపోతోంది (నేసింది తనే గాని చీర తనది కాదు, సాయంత్రానికి షావుకారుకు చేరాలి).

"ఇట్ల చేస్తిరేమవ్వా? వీళ్లకింక మీ కష్టం యాడ కనపడ్తాది?" అన్నాను ఏడుపు గొంతుతో.

"ఏమప్పా, ఇంటికొచ్చినోళ్లకు వాకిట్లోనే మా ఏడుపు చూపియ్యాల్నా? ముందు కాపీ తాగనీ" అంది అవ్వ.

దొరసాని చుట్టూ చూసి, "వీళ్లు మనకన్నా బాగానే ఉన్నారే" అంది భర్తతో ఇంగ్లీషులో. అంతే, నా ప్రసంగంలో ఒక్క ముక్క మిగల్లేదు. మామ కళ్లు మూసుకున్నాడు. ప్రార్థనకో, నా మొహం చూడలేకో తెలియదు. అంతలో పెద్దాయన లేచి, అవ్వకు నమస్కారం పెడదామని గది మధ్యలోంచి నేరుగా నడిచాడు. ఆ సందులో పుట్టినవాళ్లెవరూ అలా నడవరు. నడక నేర్చిన నాటి నుంచి గుంటను చుట్టి తిరిగే కాళ్లు వాళ్లవి. అందుకే జంపఖానా కింద గుంట ఉందని చెప్పాలని ఒక్కరికీ తోచలేదు. పాపం పెద్దాయన జంపఖానాతో సహా, మొన్నటి వానకు ఊరిన మోకాళ్ల లోతు నీళ్లలో దిగబడ్డాడు.

"అయ్యో సామీ! గుంట ఉండాదని చెప్పకపోతిమే!" అంటూ అవ్వ పట్టుచీర సంగతి కూడా మరిచి నేలమీద కూలబడి ఆయన చెయ్యి పట్టుకుంది. మగవాళ్లు పైకి లాగబోతే ఆయన రానన్నాడు. గుంట గట్టు మీద కూర్చుని, కాళ్లు నీళ్లలోనే ఉంచి, ఇదేమిటని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే అవ్వ చేతులతో మొత్తం చెప్పేసింది. ఆకాశం చూపించింది, నీళ్లు చూపించింది, అటక మీది మగ్గం చూపించి, చివరికి పొట్ట మీద చెయ్యి పెట్టుకుంది. దొరసాని ఏడ్చింది. అవ్వ కొంగుతో ఆమె కళ్లు తుడవబోయి, చీర ఎవరిదో గుర్తొచ్చి ఆగిపోయింది. అది చూసి అందరం నవ్వాం.

ఆ చర్చి సాయం అలా ఆ గుంటలో మొదలై, తనకల్లు, ఓబులదేవరచెరువు దాకా పాకింది. మొన్న పనిమీద ధర్మవరం పోయినప్పుడు జోరున వాన. అవ్వ ఇప్పుడు లేదు. ఆమె మనవరాలు చీర మీద పువ్వు నేస్తోంది. "కూచో అన్నా, ఈ పువ్వు అయిపోనీ" అంది తలెత్తకుండా. బయట వాన, లోపల టకటకమని మగ్గం. సిమెంటు పూసిన గుంటలో ఆమె కాళ్లు పొడిగా ఉన్నాయి. నవ్వూ ఏడుపూ కలిసొస్తుంటే, ఆ పువ్వు అయ్యేదాకా గోడకానుకుని ఊరికే కూర్చున్నాను.