లండన్ జాబితాలో లేని పేరు

మా పక్క ఫ్లాట్ పెద్దాయన పోయారు. పోయిన మంగళవారం పొద్దున ఆయన కూతురు తలుపు కొట్టి, గుమ్మంలోనే నిలబడి చెప్పింది. ఆసుపత్రిలో నిద్రలోనే పోయారట. నాకు ఏడుపు కంటే ముందు ఒళ్లుమంట వచ్చింది. ఆయనతో ఒక నిజం చెప్పాల్సి ఉంది. రేపు, ఎల్లుండి అంటూ నెలల తరబడి నాన్చాను. ఇక ఎవరికి చెప్పను?

ఆయనది కోస్టారికా. లండన్‌లోని ఈ క్రోయిడన్‌కు వచ్చి ముప్పై ఏళ్లు దాటినా మనసంతా అక్కడి ఒక పార్టీ మీదే. సెంటర్-రైట్ పార్టీ. "కుడివైపే, కానీ నడిమికి దగ్గర," అని టేబుల్ మీద చెంచా జరిపి మరీ చూపించేవారు. ఒకప్పుడు దేశాన్ని ఏలిన పార్టీ. నాయకులు తలో దారి పట్టడంతో చిక్కి సగమైంది. ఆయన మాత్రం కదల్లేదు. "ప్రభుత్వం గట్టిగా ఉండాలి, కానీ మన ఇంట్లోకి రాకూడదు," అనేవారు. అదీ చెప్పాపెట్టకుండా మా ఇంట్లోకి వచ్చి, నా టీ తాగుతూ! కూతురిది పూర్తిగా ఎడమవైపు. ఆదివారాలు వాళ్లిద్దరి వాదన గోడ దాటి మా వంటింట్లోకి వినిపించేది.

నేను తన పక్షమేనని ఆయన నమ్మకం. దానికి కారణం మా నాన్న. నాన్న కరీంనగర్‌లో బస్సు కండక్టర్. బస్సు కదలాలంటే "రైట్ రైట్" అని కేకెయ్యాలి కదా, ఆ మాట ఇంటిల్లిపాదికీ అంటుకుంది. "బస్సెక్కిన బిడ్డా, ఇగ ఫోన్ పెట్టేస్త," అని అమ్మ అంటే, "రైట్ రైట్, పైలం అమ్మా," అంటాను నేను. పెద్దాయన ఇది రోజూ వినేవారు. ఒకరోజు సంబరంగా, "మీ అమ్మ కూడా మన వైపేనన్నమాట!" అన్నారు. అసలు సంగతి విడమరిచి చెప్పాను. వింటే కదా! "అయితే మీ దేశంలో బస్సులు కూడా మన వైపే," అని నవ్వేశారు.

కోస్టారికాలో ఎన్నికలు వచ్చాయి. ఇక్కడ ఉన్నవాళ్లు లండన్‌లోనే ఓటు వేయొచ్చు, కాకపోతే గడువులోపు ఆన్‌లైన్‌లో ఓటరు జాబితాలోని పేరు ఇక్కడికి మార్చుకోవాలి. ఆయనకు కంప్యూటర్ అంటే చిరాకు. నేను చేసిపెడతానన్నాను. ఆఫీసు షిఫ్టుల గొడవ ఒకటి, పిల్లాడి జ్వరం ఒకటి, వాయిదా మీద వాయిదా. ఒక సాయంత్రం నేను అమ్మతో ఫోన్‌లో ఉండగా ఆయన తలుపులోంచి తొంగి చూసి ఏదో అడిగారు. "రైట్ రైట్," అన్నాను, అమ్మతో. ఆయన తృప్తిగా తలూపి వెళ్లిపోయారు.

ఏమడిగారో ఓటింగ్ రోజున గానీ తెలియలేదు. ఇస్త్రీ చొక్కా వేసుకుని ఒక్కరే వెళ్లి, మధ్యాహ్నానికల్లా తిరిగొచ్చారు. "జాబితాలో నా పేరు లేదంటున్నారు. అయిపోయిందా అంటే రైట్ అన్నావుగా?" అన్నారు.

నా నోట్లోంచి అబద్ధం ఊడిపడింది. "వెబ్‌సైట్‌లో ఏదో తేడా జరిగి ఉంటుంది," అన్నాను. ఆయన నా ముఖంలోకి కాసేపు చూసి, "అయ్యుండొచ్చు," అన్నారు. ఆ తర్వాత ఎన్నికల ఊసే ఎత్తలేదు.

అంత్యక్రియలయ్యాక అందరం టీ తాగుతుంటే కూతురు నా పక్కకు వచ్చింది. "నాన్న చివరికి ఆ పార్టీని వదిలేశారు, తెలుసా? విసుగొచ్చి ఈసారి ఓటుకే వెళ్లలేదని నాతో చెప్పారు. అందుకే బీరువాలో ఉన్న పార్టీ జెండా శవపేటిక మీద కప్పలేదు."

"వెళ్లారు," అన్నాను. "ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లారు. పేరు మార్పించాల్సింది నేను. చెయ్యలేదు. ఆయనకు అబద్ధం కూడా చెప్పాను."

ఆమె కప్పు కింద పెట్టింది. "మరి నాతో అలా ఎందుకన్నారు?"

"నిజం చెబితే నా పేరు చెప్పాల్సి వచ్చేది."

నాకు ఆయన మీద పట్టరాని కోపం వచ్చింది. నన్ను నాలుగు తిట్టి ఉంటే పోయేది కదా! నా తప్పు కప్పిపెట్టడానికి, జన్మంతా అంటిపెట్టుకున్న పార్టీని వదిలేసినవాడిగా కూతురి కళ్ల ముందు పోవాలా? అంత మంచితనం నేనడిగానా?

శనివారం ఆమె ఫ్లాట్ ఖాళీ చేయడానికి వచ్చింది. నేను బయటకు వచ్చేసరికి బాల్కనీ కమ్మీ మీద ఉతికిన జెండా నీళ్లోడుతోంది. కింద కారు తుడుస్తున్నతను తలెత్తి, అది ఏ ఫుట్‌బాల్ టీమ్‌దని అడిగాడు. ఆమె కమ్మీ మీదికి వంగి, స్పానిష్‌లో పార్టీ పూర్తి పేరు చెప్పింది. అతనికి అర్థం కాలేదు. ఈసారి ఇంకా గట్టిగా, ఒక్కో మాటా విడదీసి, మళ్లీ చెప్పింది.