హార్మోనియం మీద చెయ్యి

కురుగోడు తిమ్మమ్మ పేజీని గురురాజ్ పొద్దున్నే తీసేశాడు. అంతర్జాలంలో పదిమందీ కలిసి రాసుకునే తెలుగు విజ్ఞాన సర్వస్వానికి అతనొక నిర్వాహకుడు. పత్రికల్లో రాని మనిషికి అందులో పేజీ ఉండకూడదని నియమం. "ప్రాముఖ్యతకు ఆధారాలు లేవు" అని రాసి, మీట నొక్కి, బళ్ళారిలో తన పని తాను చూసుకున్నాడు.

నియమం మంచిదే, కాదనం. మరి ఆ పత్రికలకు ఇక్కడి వార్తలు రాసే విలేకరి ఎవరయ్యా అంటే, ఇంకెవరు, ఈ మహానుభావుడే!

తిమ్మమ్మ బడి ముఖం చూడలేదు. నాటకాల కంపెనీలో వంటకు కుదిరి, పొయ్యి దగ్గర కూర్చునే పద్యాలన్నీ పట్టేసింది. హార్మోనియం మేష్టారు మంచం పట్టిన రోజున పెట్టె ముందు తాను కూర్చుంది. అంతే, మళ్ళీ లేవలేదు. నాగలి పట్టే మగవాళ్ళకు రాగాలు నేర్పింది. శ్రుతి తప్పితే అందరి ముందూ గద్దించింది. ఆ చుట్టుపక్కల ఊళ్ళలో ఆవిడ చేత తిట్లు తినకుండా కిరీటం పెట్టుకున్న రాజు లేడు. తర్వాత గనుల కాలం వచ్చింది. రాజులందరూ మన్ను లారీలెక్కి స్టీరింగులు పట్టుకున్నారు.

ఆఖరి నాటకం నిరుడు ఆడారు. మధ్యలో చదివింపులు. ఎవరేమిచ్చారో మైకులో చెప్పేదాకా పద్యం ఎంత మంచి పట్టులో ఉన్నా ఆగాల్సిందే. ఆ రోజు ఓ గని యజమాని ఘనంగా చదివించాడు. గురురాజ్ ఆయన్నే కళాపోషకుడని పొగుడుతూ వార్త రాశాడు. తిమ్మమ్మ పేరు ఒక్క ముక్కైనా లేదు. ఫోటోలో ఆవిడ పక్కనే ఉంటే, చోటు చాలదని కత్తిరించాడు. ఇప్పుడా యజమానికి విజ్ఞాన సర్వస్వంలో పేజీ ఉంది. దానికి ఆధారం ఆ వార్తే. సరిపోతుందని ఒప్పుకున్నదీ గురురాజే!

మధ్యాహ్నం అన్నం ముందు కూర్చున్నప్పుడు ఇదంతా గుర్తొచ్చింది. ఎంత పాపం చేశానురా అనుకున్నాడు. ఆవిడకే చెప్పేసి, తిట్టించుకుని వద్దామని కురుగోడు బస్సెక్కాడు.

"రాప్పా గురురాజప్పా! ఏంది, ఇంత ఎండలో వస్తాండావు?" అంటూ తిమ్మమ్మ చాప వేసింది. "నీ పేపరు అద్దం కట్టించినా, చూడు."

గోడ మీద అదే వార్త, అదే ఫోటో. దండ వేసుకుని నవ్వుతున్న యజమాని. కింద ఓ మూల హార్మోనియం అంచు, దాని మీద నాలుగు వేళ్ళు.

"ఇది నా చెయ్యేప్పా. చెప్తే ఒగరూ నమ్మరు. నీకు తెల్సు గదా, ఫోటో ఏసిండేది నువ్వే గదా!"

తిడుతుందనుకుని వచ్చినవాడికి ఈ సంబరం చూసి తల ఎత్తబుద్ధి కాలేదు.

"మా మనవరాలు యశోద నా కథంతా కంప్యూటర్లో రాసిండాది. నేను పోయినా నా పేరు ఆడనే ఉంటాదంట. నిజమేనా? నువ్వు చదువుకున్నోడివి, చెప్పప్పా."

చెప్పడానికే వచ్చాడు. నోరు తెరిచాడు కూడా.

"ఉంటాదవ్వా," అన్నాడు.

తిమ్మమ్మ సంతోషంగా లేచి, ఆ చేత్తోనే మజ్జిగ కలిపి ఇచ్చింది. గురురాజ్ తాగాడు.