వాసన చూసి అతికిన తలుపులు

ధర్మవరంలో మా వీధికి అప్పుడప్పుడు ఒకతను సైకిల్ మీద వస్తాడు. పగిలిన బకెట్లు, ప్లాస్టిక్ కుర్చీలు కాల్చిన ఇనుముతో అతికి పోతుంటాడు. మొన్న మధ్యాహ్నం మా గుమ్మం ముందే కూర్చున్నాడు. నేనిచ్చిన బకెట్ అంచు నుంచి చిన్న ముక్క కోసి, అగ్గిపుల్లతో అంటించి, ఊది ఆర్పి, ఆ పొగను ముక్కు దగ్గరికి తెచ్చుకున్నాడు. కాలిన మైనం వాసన ఇంట్లోకి వచ్చింది. చదువుతున్న పుస్తకం మూసేశాను. జయరాజన్న పోయి చాలా ఏళ్లయింది. ఆయనను చూడనివాళ్లకు ఆయన గురించి చెప్పాలంటే ఈ వాసన దగ్గరే మొదలుపెట్టాలి.

తొంభైల్లో, నా భర్త చనిపోయాక, హిందూపురంలో అత్తగారింట్లో ఉంటూ పని వెతుక్కున్నాను. ధర్మవరంలో మా పుట్టింట్లో అందరిదీ మగ్గం పని. నాకు మాత్రం మిషను కుట్టు వచ్చు. పెనుకొండలో రోడ్డు పక్క షెడ్డులో కార్ల సీట్లకు కవర్లు కుట్టే మనిషి కావాలని తెలిసి వెళ్లాను. షెడ్డు జయరాజన్నది. నడివయసు మనిషి, పొడుగ్గా, కొంచెం వంగి ఉండేవాడు. నా సంగతులేవీ అడగలేదు. చినిగిన రెక్సిన్ ముక్క చేతికిచ్చి కుట్టమన్నాడు. కుట్టి ఇస్తే పైవైపు చూడకుండా తిప్పి చూశాడు.

“ఎనక పక్క శుభ్రంగా ఉండాది. రేపట్నుంచి రామ్మా” అన్నాడు.

ఆయన పని కూడా వెనక వైపుదే. కారు తలుపులకు లోపల ఉండే ప్లాస్టిక్ పలకలు మా ఎండలకు పెళుసెక్కి, చెయ్యి పెట్టి లాగే చోట పగులుతాయి. కొత్త పలక బెంగళూరు నుంచి రావాలి. ఆయన పాతదాన్నే విప్పి, బోర్లా పడుకోబెట్టి, పగులు వెంట కాల్చిన ఇనుముతో సన్నటి గాడి చేసేవాడు. అందులో తీగ జల్లెడ పరిచి, పైన ప్లాస్టిక్ కరిగించి నింపేవాడు. ముందు నుంచి చూస్తే వెంట్రుకంత గీత మిగిలేది. నింపే ప్లాస్టిక్ కోసం మూలన పాత పలకల కుప్ప ఉండేది. అయితే పలకలన్నీ ఒకే రకానివి కావు. వేరే రకం ముక్క కరిగించి పోస్తే ఆ రోజుకు అతికినట్టే ఉండి, తర్వాత ఊడొస్తుంది. అందుకే ప్రతిసారీ పలక నుంచి ఒక ముక్క, కుప్పలోంచి ఒక ముక్క కాల్చి, రెండు పొగలూ వాసన చూసేవాడు. ఒక రకం మైనంలా ఉంటుంది. ఇంకొకటి ఘాటుగా, కళ్లు మండిస్తుంది. కాలిన ఇనుమును పక్కనే ఉన్న నీళ్ల బకెట్లో ముంచితే సుయ్‌మని చల్లారేది. నా మిషనుకూ ఆయన బల్లకూ మధ్య ఎప్పుడూ ఉండేది ఆ బకెట్టే.

మధ్యాహ్నం తిన్నాక నేను లైబ్రరీ పుస్తకం తీసేదాన్ని.

“ఇన్ని చదువుతాండావు గదా, అందులో యాడన్నా కార్ల తలుపులు అతికేవాడు ఉండాడా?”

“ఇంతవరకూ తగల్లేదన్నా.”

“అయితే ఆపొద్దు. యాడో ఒకడు ఉంటాడు.”

నాకు ఆ పని కూడా కొంత నేర్పాడు. ముక్క కాల్చి నా వైపు చాపి, “ఇదేందమ్మా?” అనేవాడు. మైనం అనో, ఘాటు అనో చెప్పేదాన్ని. తల ఊపేవాడు. కొన్నేళ్లు పోయాక ప్రతి పలకకూ అడగడం మొదలుపెట్టాడు. నాకు పని అప్పజెప్పే ఉద్దేశం ఉందనుకున్నాను. లోపల కొంచెం గర్వంగా కూడా ఉండేది.

ఒకసారి అమ్మ జబ్బు పడితే ధర్మవరం వెళ్లి, కొన్నాళ్లకు తిరిగి వచ్చాను. అదే వారంలో చెన్నేకొత్తపల్లి డ్రైవరు ఒకతను పలక చంకలో పెట్టుకుని వచ్చాడు. నేను లేనప్పుడు అతికింది అది.

“ఏమప్పా జయరాజూ, అతికినావా, అన్నం మెతుకులతో అంటించినావా? పెండ్లికూతురు కూర్చోని ఉంటే ఒళ్లో ఊడి పడింది. మేళం వాళ్లు కూడా నవ్వినారు.”

“ఎండకు పోయిండాదిలే, ఈడ పెట్టు.”

“ఎండేమన్నా మనకు కొత్తదా అబ్బా?”

డ్రైవరు వెళ్లాక జయరాజన్న ఆ పలక ముక్క కాల్చి నా వైపు చాపాడు. ఘాటు అన్నాను. లోపల ఆయన నింపింది మైనం రకం.

ఆ ఎండాకాలమే ఒక మధ్యాహ్నం ఆయన క్యారియరు విప్పగానే పులిసిన పప్పు వాసన మిషను దాకా వచ్చింది. ఆయన సంగటి తుంచి ఆ పప్పులో అద్దుకుని తింటున్నాడు. రెండు ముద్దలు మింగాడు కూడా.

“అన్నా, పప్పు చెడిపోయిందే.”

చెయ్యి ఆగింది. గిన్నెలోకి చూశాడు.

“అవునా? జలుబు చేసిండాదిలేమ్మా.”

ఆయనకు జలుబు లేదు. దగ్గు ఉంది. అది చాలా కాలంగా ఉంది. ఇన్నేళ్లూ పీల్చిన పొగ ఆయన ముక్కును తినేసిందని అప్పుడు అర్థమైంది. ఆ మాట డ్రైవర్ల మధ్యకు పోతే పలకలు రావడం ఆగిపోతుంది. తలుపులు అతకడం తప్ప ఆయనకు వేరే పని రాదు. మర్నాడు ఎప్పటిలాగే ముక్క కాల్చి, పాఠం చెప్పే గొంతుతోనే “ఇదేందమ్మా?” అన్నాడు. నేను నేర్చుకునేదాని గొంతుతోనే జవాబు చెప్పాను. ఆ తర్వాత ఆయన మంచాన పడేదాకా అలాగే నడిచింది. ఒక్క పలకా ఊడలేదు. ఆ సంగతి మేమెప్పుడూ పైకి అనుకోలేదు.

చివరికి ఊపిరి అందక హిందూపురం ఆసుపత్రిలో చేర్చారు. చూడ్డానికి వెళ్లాను. ఆయన భార్య మరియమ్మ మంచం పక్కన స్టూలు మీద కూర్చుని ఉంది. చాలాసేపటికి కళ్లు తెరిచి అడిగాడు.

“ఈడ ఏం వాసన వస్తాండాదమ్మా?”

అది పాఠం గొంతు కాదు. మరియమ్మ నా వైపు చూసింది. ఆమెకూ తెలుసన్నమాట.

“ఫినాయిల్ అన్నా.”

“ఇంకా?”

“పక్క మంచం వాళ్లు బత్తాయి ఒలుస్తున్నారు. వదిన తలకు కొబ్బరినూనె పెట్టుకుంది.”

కళ్లు మూసుకుని విన్నాడు. “నిన్ను కూడా పొగలో పెట్టినాను. ఇంక దాని దగ్గరికి పోవద్దు” అన్నాడు. నాతో ఆయన మాట్లాడిన చివరి మాట అదే.

షెడ్డు మూసేస్తే నీ పని ఏమవుతుందని మరియమ్మ తాళంచెవి నాకే ఇచ్చింది. పలకలు వస్తూనే ఉన్నాయి. పొగ దగ్గరికి పోవద్దని ఆయన చివరిగా చెప్పాడు గనక, కాల్చకుండా ఎలా తెలుసుకోవాలో తోచక ఒక రోజు ఊరికే కూర్చున్నాను. బల్ల మీద చెత్త తుడుస్తుంటే కొన్ని ముక్కలు బకెట్లో పడ్డాయి. కొన్ని తేలాయి. కొన్ని మునిగాయి. తేలినవాటిని తీసి చూస్తే, ఆయన ఉండగా కాల్చి చూసిన మైనం రకం పలకలవి. మునిగినవి ఘాటు రకం. మళ్లీ మళ్లీ వేసి చూశాను. మా దగ్గరున్నవన్నీ అంతే.

ఆ బకెట్లో ముక్కలు ఎన్నోసార్లు పడ్డాయి. తేలినవాటిని ఈగల్ని తీసేసినట్టు తీసి పారేసేవాళ్లం. మునిగినవి అడుగున ఉండిపోయేవి. రోజూ చూశాం. ఇద్దరిలో ఒక్కరికీ తోచలేదు. ఆ రోజు షెడ్డు మూసి పెనుకొండ స్టేషను దాకా నడిచి, రైళ్లు పోతుంటే చీకటి పడేదాకా అక్కడే కూర్చున్నాను.

మొన్న బకెట్ అతికేవాడు అతకడానికి తన సంచిలోంచి తీసిన రెండో ముక్క అంటించబోతుంటే ఆపాను. లోపలి నుంచి గిన్నెతో నీళ్లు తెచ్చి అతని ముందు పెట్టి, ఆ ముక్కనూ బకెట్ ముక్కనూ అందులో వేయమన్నాను. అతని ముక్క మునిగింది. బకెట్ ముక్క తేలింది.

“ఆ ముక్క దీనికి అతకదు. వేరేది వెయ్యి” అన్నాను.

అతను గిన్నెలోకి వంగి చూశాడు. ఇంకో రెండు ముక్కలు తనే వేసి చూసుకున్నాడు.

“ఇంతేనా అక్కా?” అన్నాడు నవ్వుతూ.

“ఇంతే” అన్నాను.