మార్తమ్మ పిన్ని చెప్పిన ఏటి మాటలు

అరకులో ముసురు పట్టిందంటే కుట్టడానికి వచ్చిన బట్టలన్నీ చెమ్మెక్కుతాయి. ఇవాళ పొద్దున మూట విప్పగానే కొత్త బట్ట తడి వాసన గుప్పుమంది. చింతూరులో మార్తమ్మ పిన్ని కుట్టు షాపు గుర్తొచ్చింది. మాకు చుట్టరికమేమీ లేదు, పిలుపే పిన్ని. నా చేతికి కత్తెర ఇచ్చి పని నేర్పింది ఆవిడే.

ఓసారి క్రిస్మస్ ముందు ఒకామె జాకెట్టు కోసం గుమ్మంలో నిలబడి తొందరపెడుతుంటే, "ఇప్పుడేం కొంపలు మునిగిపోయాయండీ?" అనేశాను. పిన్ని మిషను ఆపేసింది. ఆమె వెళ్ళాక మెల్లగా అంది:

"ఆ మాట మా నాన్న అన్నాడే. గోదారి పోటెత్తిందంటే మన శబరి ఏరు ముందుకు పోలేక ఊళ్ళ మీదికి ఎగదన్నుద్ది. పడవోళ్ళొచ్చి లేవమంటే, 'కొంపలేం మునగవులే, తెల్లారాక పోదాం' అన్నాడు. తెల్లారేసరికి ఇల్లు లేదు, మా నాయనమ్మ లేదు."

పిన్ని మళ్ళీ మిషను తొక్కుతూ, "మొదట ఎవరో ఏడుస్తా అన్న మాటే అయ్యుంటుంది. దూరాన విన్నోళ్ళకి వేళాకోళమైంది" అంది.

అప్పటినుంచి ఆవిడ మాటలు చెవిన పెట్టడం మొదలుపెట్టాను. పండగ బట్టలన్నీ ఇచ్చేశాక "గట్టెక్కాం" అనేది. గట్టంటే ఏటిగట్టేనట, ఈదీ ఈదీ రెక్కలు పడిపోయినవాడి కాలికి తగిలే మట్టి. 'నట్టేట ముంచడం' ఎలా పుట్టిందని అడిగితే మాత్రం, "అది పెద్ద కథ, తీరిగ్గా చెప్తాలే" అని దాటేసేది. షాపులో తీరిక ఎప్పుడుంది గనక!

నాకు పెళ్ళయి అరకు వచ్చాక ఓ వానాకాలం శబరి మళ్ళీ పొంగింది. భయపడి ఫోన్ చేశాను.

"మిషన్లు అటకెక్కించానే. అందరం బడిలో ఉన్నాం" అంది. గొంతు బొంగురుగా ఉంది.

"ఇక్కడికి వచ్చేయ్ పిన్నీ."

"వరద తియ్యనీ. షాపు కడుక్కుని వస్తా. వచ్చి నాలుగు రోజులుంటా."

మర్నాటినుంచి ఫోన్ కలవలేదు. ఘాట్‌రోడ్డు మీద కొండచరియలు పడి బస్సులు ఆగిపోయాయి. దారి తెరుచుకుని నేను వెళ్ళేసరికి, బడిలో పట్టిన జ్వరం ముదిరి పిన్ని పోయింది. చర్చి వెనక సమాధి మీద మట్టి ఇంకా పచ్చిగానే ఉంది. షాపు గోడ మీద బురద గీత నా తలకంటే ఎత్తున ఉంది. అటక మీద మిషన్లు మాత్రం పొడిగా ఉన్నాయి.

ఇప్పుడు నా దగ్గర ఇద్దరమ్మాయిలు పని నేర్చుకుంటున్నారు. వాళ్ళు ఏదైనా మాట తేలిగ్గా అనేస్తే నా చెయ్యి ఆగుతుంది. అది ఎక్కడ పుట్టిందో చెప్పబోతాను, తెలిసింది అక్కడికే అయిపోతుంది. కుట్టు పూర్తిగానే నేర్పింది పిన్ని. మాటలు సగంలో ఉండిపోయాయి. ఆ సగమే వాళ్ళకి చెబుతున్నాను.